అగ్నిపర్వతం రాయి, వియ్యంకుడి వేట

“నేరస్థుడు గాలిల ఎగిరినా, పాతాళంల దాగినా ఈ ఈశ్వర్ చూపుడువేలు వాని ముక్కు మీద వాలక మానదు. రాసిపెట్టుకోండ్రి బావా.”

ఈ భీషణ ప్రతిజ్ఞ చేసే సమయానికి ఆ చూపుడువేలికి మిర్చిబజ్జీ నూనె అంటుకుని ఉంది. దాన్ని వికారాబాద్‌లోని మల్లయ్య ఇంటి కర్టెన్‌కు తుడిచి ఈశ్వర్ ఇంకో బజ్జీ అందుకున్నాడు. మల్లయ్య రాసిపెట్టుకోలేదు గానీ తల మాత్రం ఊపాడు. ఊపక ఏం చేస్తాడు? ఎదురుగా కూర్చున్నది వియ్యంకుడాయె. పిల్లనిచ్చిన చోట ఆడపిల్ల తండ్రి తల పైకీ కిందికీ ఊగుతుందే తప్ప పక్కలకు ఊగదు.

ఈశ్వర్‌కు తాండూరులో నాపబండల పాలిషింగ్ యూనిట్ ఉంది. మిషన్ల మోత, తెల్లబురద, లారీల లోడింగు అన్నీ కోడలు అంకిత చూసుకుంటుంది. అంకిత మల్లయ్యకు ఒక్కగానొక్క బిడ్డ. కోడలు పని అందుకోవడంతో చేతులు ఖాళీ అయిన ఈశ్వర్ రెండేళ్లుగా అపరాధ పరిశోధనలో పడ్డాడు. “డిటెక్టివ్ ఈశ్వర్, తాండూరు. రహస్యములు ఛేదించబడును. బండలు పాలిష్ చేయబడును” అని కార్డు కూడా కొట్టించాడు.

ఇప్పటికి ఆయన రెండు కేసులు ఛేదించాడు. మొదటిది పక్కింటివాళ్ల బర్రె మాయమైన కేసు. మూడు రోజులు ఆలోచించి అది సరిహద్దు దాటి కర్ణాటకకు పోయిందనీ, వెనకాల పెద్ద ముఠా ఉందనీ తేల్చాడు. నాలుగో రోజు బర్రె తనంతట తానే ఇంటికొచ్చి కుడితి తాగింది. “ఒత్తిడి తట్టుకోలేక లొంగిపోయింది” అని ఈశ్వర్ డైరీలో రాసుకున్నాడు. రెండోది ఎదురింటి ఇన్వర్టర్ బ్యాటరీ. అది రిపేరు షాపులో దొరికింది. అక్కడ ఇచ్చింది ఓనరే. ఇచ్చి మరిచిపోయాడు.

మూడోది ఇదిగో, సొంత వియ్యంకుడి కేసు.

మల్లయ్య వికారాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అటెండర్. ముప్పై ఒక్కేళ్ల సర్వీసు. పరీక్షనాళిక పగిలితే ఆ ముక్కలు కాగితంలో పొట్లం కట్టి, మేడంకు చూపించి, రిజిస్టర్‌లో రాయించి గానీ చెత్తబుట్టలో వేయని మనిషి. ఈ శుక్రవారం రిటైరవుతున్నాడు. ఆలోగా ల్యాబ్‌లో ఉన్న ప్రతి వస్తువూ లెక్కచూసి అప్పగించాలి. అంతా సరిపోయిందని సంతకం పడితేనే గౌరవంగా ఇంటికి వెళ్లేది. సోమవారం లెక్క చూశారు. గాజు అల్మారాలో నూటపన్నెండు ఖనిజపు రాళ్లకు గాను నూటపదకొండే తేలాయి.

“నేను ఎవర్నీ అంటలేను మల్లయ్యా. కానీ తాళంచెవి నీ దగ్గరనే ఉంటది గద” అన్నాడు ప్రిన్సిపాల్. ఎవర్నీ అనకుండా ఒకర్ని అనడం ఎలాగో పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు బాగా తెలుసు.

ఆ రాత్రి మల్లయ్యకు అన్నం దిగలేదు. భార్య ఇందిరమ్మ ఫోన్‌లో బిడ్డకు చెప్పుకుని ఏడ్చింది. బిడ్డ ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్క గదిలో ఈశ్వర్ ఉన్నాడు. మంగళవారం పొద్దున తొలి బస్సుకు భూతద్దంతో సహా దిగిపోయాడు.

దొంగ అనే మాట బయట ఎక్కడ పడ్డా మల్లయ్య ఓర్చుకుంటాడేమో. కానీ అది వియ్యాలవారి ఇంట్లో పడితే అక్కడ తిరిగేది అంకిత. ఆయన బాధంతా అదే. ఆ వియ్యంకుడే వచ్చి కేసు నెత్తిన వేసుకుంటే సంతోషించాలో, భయపడాలో ఆయనకు తెలియలేదు. అందుకే ఇంకో నాలుగు బజ్జీలు వేయమని ఇందిరమ్మకు చెప్పాడు.

బుధవారం ఇద్దరూ ల్యాబ్‌కు వెళ్లారు. కెమిస్ట్రీ లెక్చరర్ మనోరమ మంచి మనిషి. మల్లయ్య తీయలేదని ఆమెకు నమ్మకం. ఆ నమ్మకం రాసుకోవడానికి రిజిస్టర్‌లో గడి లేదు, అదే చిక్కు.

“మేడం, పోయినవారి ఆనవాళ్లు చెప్పండి. ఎత్తు, బరువు, రంగు, ఒంటి మీద మచ్చలు” అని ఈశ్వర్ డైరీ తెరిచాడు.

మనోరమ మల్లయ్య ముఖం చూసి నవ్వు ఆపుకుంది. “దాని పేరు కొటునైట్ సార్. సీసం, క్లోరిన్ కలిసిన ఖనిజం. పెద్ద గోలీకాయంత ఉంటది. ఇరవై గ్రాములు. తెల్లగుంటది, వెలుతురుకు పెడితే వజ్రం లెక్క మెరుస్తది. సీసం ఉంది కాబట్టి సైజుకు మించిన బరువు. అంత బరువున్నా మెత్తన. గోరుతోని గీస్తే గీత పడ్తది.”

“సొంతూరు?”

“ఇటలీ. అక్కడ వెసూవియస్ అని అగ్నిపర్వతం ఉన్నది. పేలినంక దాని పగుళ్లలకెల్లి మస్తు వేడి ఆవిరి వస్తది. ఆ ఆవిరిల సీసం, క్లోరిన్ ఉంటయి. బయట సల్లగాలి తగలంగనే రాళ్ల మీద తెల్లగ, సన్నగ సూదుల్లెక్క పేరుకుంటది. ఎన్కట మా దగ్గర పనిచేసిన ప్రొఫెసర్ ఒకాయన అక్కడికి పోయినప్పుడు తెచ్చి కాలేజీకి ఇచ్చిండు. గిది చాలా అరుదు సార్. ఎందుకంటే అసలు దీని గుణమే...”

“అరుదు. చాలు మేడం.” ఈశ్వర్ చెయ్యెత్తి ఆపాడు. “అరుదైన వస్తువుకే దొంగలుంటరు. ఎందుకు అరుదనేది మీ సబ్జెక్టు. ఎవరు తీసిండ్రనేది నా సబ్జెక్టు.”

డైరీలో ‘ఇటలీ, వేడి, అంతర్జాతీయ ముఠా’ అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

అప్పుడే ల్యాబ్ ఊడ్చి తుడిచే నాగరాణి చాయ్ గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చింది. కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి. ఏటా ఉంచుతారో తీసేస్తారోనని, గడువు ముగిసే నవంబరు నెలంతా భయపడుతూ గడుపుతుంది. “సారూ, గా తెల్లరాయి సంగతి నేనొకటి...” అని మొదలుపెట్టింది.

“చాయ్ అక్కడ పెట్టమ్మా. ఇక్కడ పెద్దోళ్ల వాంగ్మూలం నడుస్తున్నది” అన్నాడు ఈశ్వర్.

నాగరాణి మల్లయ్య వైపు చూసింది. “జర ఆగు నాగరాణీ. బావ పనిల ఉన్నరు” అన్నాడు మల్లయ్య. ఆమె గ్లాసులు పెట్టి వెళ్లిపోయింది.

తరువాత ఈశ్వర్ మోకాళ్ల మీద కూర్చుని భూతద్దంతో అల్మారా అడుగు నుంచి పైదాకా పాకాడు. మూడో అరలో ఆయన ఊపిరి ఆగింది. “బావా, రక్తం.”

“కుంకుమ బావా. దసరా సెలవుల ముందురోజు ఆయుధ పూజ చేసినం. తక్కెడలు, బర్నర్లు, మైక్రోస్కోపులు అన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టుడు మా దగ్గర ఏటా ఉన్నదే.”

“అంటే రక్తం కాదన్నట్టు” అన్నాడు ఈశ్వర్. ఆయన గొంతులో కొంచెం నిరాశ వినిపించింది.

నల్లా దగ్గర మళ్లీ ఊపిరి ఆగింది. నల్లా మూతికి తెల్లగా పెచ్చు కట్టి ఉంది. “రాయిని ఇక్కడ అరగదీసిండ్రు. పొడి చేసి తరలించిండ్రు.”

“అది సున్నం సార్” అంది మనోరమ. “మన దిక్కంత సున్నపురాయి నేల గద. బోరు నీళ్లు ఏది ముట్టుకుంటే అది తెల్లగైతది. అందుకే గాజు సామానుకు, ఖనిజాలకు డిస్టిల్డ్ వాటరే వాడుతం.”

నీళ్ల మాట రాగానే మల్లయ్యకు హుషారొచ్చింది. “డిస్టిల్డ్ నీళ్లంటే బంగారం బావా. ఒకపారి వాడినంక గూడ పారబోయనియ్య. గా మూల నల్ల క్యాన్ల పోయిస్త. గాజు సామాను తొలి కడుగుడుకు అవ్వే పనికొస్తయి. ముప్పై ఒక్కేండ్ల సంది నా ల్యాబుల ఇదే కాయిదా.”

ఈశ్వర్ ఆ నల్ల ప్లాస్టిక్ క్యాన్ మూత మీద తట్టి, “బావా, నేను దొంగ కోసం వచ్చిన. నీళ్ల కోసం కాదు” అన్నాడు. నాగరాణి గుమ్మం దగ్గర తుడుపుగుడ్డ పట్టుకుని ఇంకోసారి నోరు తెరిచింది. ఈశ్వర్ ఇంకోసారి చెయ్యెత్తాడు.

సాయంత్రానికి అనుమానితుడు తేలాడు. జియాలజీ చెప్పే మహిధర్ సార్. రాళ్ల విలువ తెలిసిన మనిషి. పైగా ఈ వారంలో రెండుసార్లు బరువైన సంచీ మోసుకుని తాండూరు రైలెక్కాడని గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. గురువారం కూడా సంచీతో బయల్దేరుతున్నాడని తెలిసింది.

“సైజుకు మించిన బరువు” అని ఈశ్వర్ మల్లయ్య చెవిలో గొణిగాడు. ఇరవై గ్రాముల రాయికి భుజం వంగిపోయేంత సంచీ ఎందుకని మల్లయ్యకు అనుమానం వచ్చింది. వియ్యంకుడిని ఎదురు ప్రశ్న వేయడమెందుకని మింగేశాడు.

గురువారం మధ్యాహ్నం తాండూరు రైలులో మహిధర్ ఒక చివర, వీళ్లిద్దరూ ఇంకో చివర. ఈశ్వర్ మారువేషంలో ఉన్నాడు. మంకీక్యాపు, నల్లకళ్లద్దాలు, మెడకు మఫ్లరు. అక్టోబరు ఉక్కకు ఆయన చెవుల వెంట చెమట ధారలు కట్టింది. ఎదుటి సీట్లో పసిబిడ్డ ఆయన్ను చూసి తాండూరు వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.

స్టేషన్ బయట ఆటో డ్రైవర్ ఒకడు పరుగున వచ్చాడు. “ఏంది ఈశ్వర్ సేఠ్, పాణం మంచిగ లేదా?”

“నేను ఈశ్వర్‌ను కాదు.”

“సరే సేఠ్, ఎక్కుండ్రి. ఇంటికేనా?”

“ఆ ముందు ఆటో ఎనక పోనియ్. దూరం పాటించు.”

ముందు ఆటో బజారు దాటింది. కందుల బస్తాల లారీలు దాటింది. నాపబండలు నిలువుగా పేర్చిన యూనిట్ల వీధిలోకి తిరిగి ఒక గేటు ముందు ఆగింది. గేటు మీద ఈశ్వర్ పేరే ఉంది.

“దుర్మార్గుడు” అన్నాడు ఈశ్వర్, పళ్లు కొరుకుతూ. “నా యూనిట్ల, నా మిషన్ మీదనే రాయిని కోయిస్తున్నడు. సాక్ష్యం నా నెత్తినే రుద్దుదామని.”

ఆటో ఆగీ ఆగకముందే దూకి లోపలికి పరిగెత్తాడు. తెల్లబురద మీద కాలు జారి, మహిధర్ సంచీ పక్కనే బోర్లాపడ్డాడు. పడ్డా పట్టు వదల్లేదు. సంచీ జిప్పు లాగి, “కదలొద్దు, ఆట ముగిసింది” అన్నాడు.

సంచీలో బరువైన నీలం నాపబండ ఉంది. అద్దంలా పాలిష్ పెట్టి అక్షరాలు చెక్కించారు. ‘మాకు చదువు కనబడేలా ముప్పై ఒక్క ఏళ్లు గాజు కడిగిన మల్లయ్య గారికి, మీ కాలేజీ.’

“మామయ్యా, లేవుండ్రి. మంకీక్యాపుల మట్టి పోయింది” అంది అంకిత. ఆమె చేతిలో కొలత టేపు ఉంది. “రైల్ల రెండు పార్లు మూల పెచ్చు లేసిందని సారు మళ్లీ మళ్లీ తెస్తున్నడు. రేపటి ఫంక్షన్‌కు. నాయినకు చెప్పొద్దన్నరు.”

ఎవరికి చెప్పొద్దన్నారో ఆ మనిషే అక్కడ నిలబడి ఆ బండను చదువుతున్నాడు. మహిధర్ సిగ్గుపడి, “మల్లయ్యా, నువ్వు చూడనట్టే ఉండు” అన్నాడు.  ఆ అక్షరాలు చూసి మల్లయ్యకు సంతోషం రాకపోగా దిగులు పట్టుకుంది. రేపు సంతకం పడకపోతే ఈ బండ ఎవరికి ఇస్తారు? ఇచ్చినా ఏ ముఖం పెట్టుకుని తీసుకుంటాడు?

ఈశ్వర్ బురద కడుక్కోవడానికి వెళ్లగానే అంకిత తండ్రి పక్కకు వచ్చి నిలబడింది. “నువ్వు తియ్యలేదని నాకు తెల్సు నాయినా. ఇంట్ల ఇప్పటికైతే ఎవలు ఏమనలే. కానీ మామయ్య ఎవల మీద వేలు పెడ్తడో ఆయనకే తెల్వది. అదే నాకు ఫికరు.”

“ఏం కాదు బిడ్డా” అన్నాడు మల్లయ్య. తనకు లేని ధైర్యం బిడ్డకు చెప్పడం ఆయనకు అలవాటే.

ముఖం కడుక్కుని వచ్చిన ఈశ్వర్ చాలాసేపు డైరీలోకి చూశాడు. మహిధర్ పేరు కొట్టేశాడు. మనోరమ పేరు ముందే కొట్టేశాడు, ఆడవాళ్లు రాళ్లు దొంగిలించరనేది ఆయన సిద్ధాంతం. ఇటలీ ముఠాకు వికారాబాద్‌లో రూము దొరకదని అదీ కొట్టేశాడు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? అల్మారా దగ్గర రోజంతా ఒంటరిగా ఉండేదెవరు? మెల్లగా తలెత్తి మల్లయ్యను చూశాడు. చూపు తిప్పుకున్నాడు. మళ్లీ చూశాడు.

“పొద్దుపోతున్నది. మీ రైలుకు మీరు పోండ్రి, మల్లయ్య గారూ” అన్నాడు.

రెండేళ్లుగా ‘బావా’ తప్ప ఇంకో పిలుపు ఎరగని నోటి నుంచి ‘గారూ’ వచ్చింది. అంత మర్యాద మల్లయ్యకు జన్మలో ఎవరూ చేయలేదు, అంత నొప్పీ పెట్టలేదు. రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు గానీ ఏ స్టేషన్ దాటిందో ఆయనకు తెలియలేదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి అందరూ ల్యాబ్‌లో చేరాలని ఈశ్వర్ కబురు పెట్టాడు. మూడింటికి సన్మానం. ప్రిన్సిపాల్ వచ్చాడు, ఆయనకు సంతకం పని ఎటోవైపు తేలిపోవాలి. మనోరమ, మహిధర్ వచ్చారు. బండ మోసుకుని అంకిత వచ్చింది. గుమ్మం దగ్గర చాయ్ ట్రే పట్టుకుని నాగరాణి నిలబడింది. మల్లయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముప్పై ఒక్కేళ్లు నిలబడిన చోటే, బేసిన్ పక్కన నిలబడ్డాడు.

ఈశ్వర్ తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కాతో గది మధ్యకు నడిచాడు.

“సోదర సోదరీమణులారా. నేరం ఒక చీకటి అడవి. అందుల నేనొక టార్చిలైటును.” ఒక క్షణం ఆగాడు. చప్పట్లు రాకపోవడంతో కొనసాగించాడు. “ఈ రాయి తాళం పగలకుండ పోయింది. కిటికీ ఇరగకుండ పోయింది. అంటే బయటోడు రాలే. లోపటోడే. ఆ నేరస్థుడు ఇప్పుడు, ఈ క్షణాన, ఈ గదిలనే ఉన్నడు.”

అది నిజమే. ఇంతటి నిజం ఈశ్వర్ తన కెరీర్‌లో అంతవరకు పలకలేదు, కాకపోతే ఆ సంగతి ఆయనకు తెలియదు.

“నాకు చుట్టరికం ఉన్నది, బాధ్యత ఉన్నది” అని గొంతు బొంగురు చేశాడు. “రెండు తక్కెడల పెడితే బాధ్యతనే మొగ్గింది. కోడలా, నన్ను మాఫ్ చెయ్యి.”

అంకిత బండను గుండెకు అదుముకుంది. మల్లయ్య తల వంచుకున్నాడు. 

ఇలాంటి ఘట్టంలో మహా డిటెక్టివ్ ఒక కాలు ఎత్తున పెట్టి, నడుం వంచి వేలు చూపాలి. ఈశ్వర్ చుట్టూ చూశాడు. మూలనున్న నల్ల క్యాన్‌ను కాలితో ముందుకు లాగి, దాని మీద కుడికాలు మోపి, “ఆ దొంగ...” అంటూ వేలెత్తాడు.

క్యాన్‌లో ఉన్నవి అడుగున లీటరు నీళ్లే. డిటెక్టివ్ గారి బరువు మాత్రం తొంభై కిలోలు. క్యాన్ పక్కకు దొర్లింది, మూత ఎగిరిపోయింది. ఈశ్వర్ వెల్లకిలా పడ్డాడు. క్యాన్ ఆయన మీదికి సగం నీళ్లు కక్కింది. నీళ్లతోపాటు ఇంకేదో కూడా వచ్చింది. నీలం నాపబండల గచ్చు మీద తెల్లగా, సన్నగా, సూదులు పోసినట్టు పరుచుకుని కిటికీ వెలుతురులో తళతళ మెరిసింది.

 ముందుగా తేరుకున్నది ఈశ్వరే. పడ్డచోటనే మోచేతి మీద లేచి, ఆ తెల్లటిదాన్ని రెండు వేళ్లతో తీశాడు. డిటెక్టివ్‌లు అనుమానాస్పదమైన పొడిని నాలుక మీద వేసుకుని ఏమిటో చెప్పేయడం ఆయన చాలా చదివాడు. కళ్లు సగం మూసి వేళ్లు నోటి దగ్గరికి తెచ్చాడు.

మల్లయ్య ఒక్క అంగలో వచ్చి ఆ మణికట్టు పట్టుకున్నాడు. వియ్యంకుడి చేతిని అలా పట్టుకున్న ఆడపిల్ల తండ్రి తాండూరు, వికారాబాద్ చుట్టుపక్కల ఇంతవరకు ఉండి ఉండడు.

“నోట్ల పెట్టొద్దు. సీసం అది. తియ్యగనే ఉంటది, పాణం తీస్తది.”

“సీసమని నీకెట్ల తెల్సు?” అన్నాడు ప్రిన్సిపాల్.

మల్లయ్య నల్లా తిప్పాడు. ఈశ్వర్ చేయి కడిగించి, చిన్న గరిటెతో ఆ సూదుల్లోంచి చిటికెడు తీసి పరీక్షనాళికలో వేశాడు. నీళ్లు పోసి బర్నర్ వెలిగించాడు. నీళ్లు మరిగేసరికి సూదులన్నీ కరిగి నాళిక తేటగా అయింది. లోపల ఏమీ లేనట్టే ఉంది. దాన్ని నల్లా కింద పట్టాడు. చల్లబడుతున్న కొద్దీ తెల్లని సూదులు మళ్లీ ఒక్కొక్కటే మెరుస్తూ అడుక్కు దిగాయి. అల్మారాలోంచి పొటాషియం అయొడైడ్ తీసి రెండు చుక్కలు వేశాడు. నాళిక మొత్తం పసుపు కలిపినట్టు పచ్చబడింది.

“ఏటా ప్రాక్టికల్స్‌ల పిల్లలు చేస్తరు సార్” అన్నాడు మల్లయ్య. “వేడి నీళ్లల కరిగితది, సల్లబడితే సూదులైతది, గీ మందేస్తే పచ్చగైతది. అప్పుడు సీసం అని రాస్తే మార్కులేస్తరు. నేను పది పాస్ కాలే గానీ, గిది ముప్పై ఒక్కేండ్ల సంది చూస్తున్న.”

మనోరమ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “మొన్న ఇదే చెప్పబోయిన. ఈయన ఆపిండు. కొటునైట్ నీళ్లల కరిగే ఖనిజం సార్. కొండ మీద పుట్టినా, ఓ పెద్ద వాన పడితే కరిగి పోతది. అందుకే అంత అరుదు. మరి మన రాయిని వేడి నీళ్లల ఎవరేసిండ్రు?”

“నేనే” అంది నాగరాణి.

అందరూ గుమ్మం వైపు తిరిగారు. నాగరాణి ట్రే కింద పెట్టలేదు. “మొదటిరోజు సంది చెప్పబోతున్న. ఎవలు ఇన్నరు? పూజ దినం మల్లయ్య సారు కింద ఆఫీసుల కొబ్బరికాయలు కొడ్తున్నడు. పూజకని అల్మారా తెరిచే ఉండె. సారుకు ఇదే ఆఖరి దసరా గద, రాళ్లకు గూడ బొట్లు పెట్టి మురిపిద్దామనుకున్న. అన్ని రాళ్లు తుడిచిన. తెల్లరాయికి జిడ్డు పట్టి ఉండె. సారు చెప్పినట్టే డిస్టిల్డ్ నీళ్లు పెద్ద బీకర్ల పోసి, రాయేసి, పొయ్యి మీద మసలపెట్టిన. కింద హారతి ఇచ్చి వచ్చేసరికి బీకర్ల ఒట్టి నీళ్లున్నయి. సారు తీసి ఆరబెట్టిండు కావచ్చు అనుకున్న. నీళ్లు పారబోయొద్దని సారు కాయిదా, వేడివేడివే క్యాన్ల పోసి మూత పెట్టిన. తెల్లారి సెలవులాయె.”

అల్మారా తాళం, ఇటలీ ముఠా, మంకీక్యాపు అన్నీ అలా ఒక బీకరు నీళ్లలో తేలిపోయాయి.

ప్రిన్సిపాల్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. “సరే. కడుగుమని నీకు చెప్పింది ఎవరు?”

నాగరాణి నోరు విప్పకముందే మల్లయ్య ముందుకు వచ్చాడు. “నేర్పింది నేనే సార్. ఖనిజాన్ని మంచినీళ్లతోనే కడగాలె, నీళ్లు పారబోయొద్దు, రెండూ నా మాటలే. ఆమె నా మాట తప్పలే. రాసేది నా పేరు మీద రాయండ్రి.” ఆ తరువాత గొంతు తగ్గించి అన్నాడు. “ఇంకోటి గూడ ఉన్నది. అడగకుండనే నన్ను దొంగను చేసిండ్రని నాలుగు దినాలు అన్నం తినలే. ఆమె చెప్పొస్తే జర ఆగుమన్నది నేను గూడ. నాగరాణీ, నాది తప్పే.”

నాగరాణి కొంగుతో ముక్కు తుడుచుకుని, “గంత మాటెందుకు సారూ” అంది.

మనోరమ, మహిధర్ కలిసి గచ్చు మీది సూదులన్నీ వడపోత కాగితాలతో ఎత్తి, దీపం కింద ఆరబెట్టి తూకం వేశారు. పది గ్రాములు తేలింది.

“ఇరవై ఉండాలె గద” అన్నాడు ప్రిన్సిపాల్.

“ఐదు వరకు క్యాన్ల మిగిలిన నీళ్లల ఉంటది సార్, రేపు ఇగరబెడితే వస్తది” అంది మనోరమ. “మిగతా ఐదు డిటెక్టివ్ గారి ప్యాంటు తాగింది.”

“మరి దీన్ని ఇప్పుడు ఖనిజం అనొచ్చునా?”

మహిధర్ గొంతు సవరించుకున్నాడు. “శాస్త్రం ప్రకారమైతే అగ్నిపర్వతం చేస్తే ఖనిజం సార్. నాగరాణి చేస్తే కెమికల్. పదార్థం ఒక్కటే.”

ఈ తేడా ఏ కాలమ్‌లో రాయాలో ప్రిన్సిపాల్‌కు అంతుపట్టలేదు. కింద సన్మానానికి తెచ్చిన సమోసాలు చల్లారుతున్నాయి. మనోరమ రిజిస్టర్ లాక్కుని రాసింది. ‘కొటునైట్, ఒకటి. ఎక్కడికీ పోలేదు. రూపం మారింది. అటెండర్ మల్లయ్య గుర్తుపట్టి తిరిగి అప్పగించారు.’ ఆమె సంతకం పెట్టింది. ప్రిన్సిపాల్ ఒకసారి మల్లయ్యను, ఒకసారి గడియారాన్ని చూసి తానూ పెట్టాడు. అంకిత అప్పుడు గానీ బండను బల్ల మీద దించలేదు. దించి, వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకుంది.

సీసం నీళ్లు తాగిన బట్టలు ఒంటి మీద ఉంచొద్దని మనోరమ గట్టిగా చెప్పడంతో, ఈశ్వర్ తన తెల్ల దుస్తులు ఒక ప్లాస్టిక్ సంచీకి అప్పగించి, మల్లయ్య లుంగీ మీద మోకాళ్లదాకా వచ్చే తెల్లని ల్యాబ్ కోటు తొడుక్కున్నాడు. అదే వేషంలో సన్మాన వేదిక ఎక్కాడు. “నేను కాలు పెట్టకపోతే ఈ కేసు ఎన్నటికీ తేలకపోతుండె” అని మైకులో ప్రకటించాడు. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం వియ్యంకుడిని రైలెక్కించడానికి మల్లయ్య స్టేషన్‌కు వచ్చాడు. అంకిత బండను పుట్టింట్లో పెట్టించి రేపు వస్తానంది. ప్లాట్‌ఫాం మీద ఈశ్వర్ చాలాసేపు కోటు గుండీలు పెట్టుకుంటూ, తీస్తూ నిలబడ్డాడు.

“బావా” అన్నాడు చివరికి. “ఆ వేలు మీ మీదనే పెట్టబోయిన.”

“ఎరుకే బావా.”

“మీరు మణికట్టు పట్టకపోతే సీసం తింటుంటి.”

“అది వేరే సంగతి.”

“నా మీద కోపానికి రావాలె మీరు. ఒక మాటన్న అనుండ్రి.”

మల్లయ్య ఆయన కోటు కాలరు సరిచేశాడు. “అనుమానించుండ్రి బావా. మీ పని గదే. కానీ ముందుగాల అడిగి, తర్వాత అనుమానించుండ్రి. అడిగితే చెప్పేటోళ్లు మస్తుమంది ఉన్నరు.”

ఈశ్వర్ కోటు గుండీలన్నీ పెట్టుకున్నాడు. రైలొస్తే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎదుటి సీట్లో ఒక ముసలామె ఆయన తెల్లకోటును పైనుంచి కిందిదాకా చూసింది. ఆ కోటు చూస్తే ఎవరికైనా డాక్టరే గుర్తొస్తాడు. ఆమె కొంగు సర్దుకుని, మోకాలు చూపిస్తూ ముందుకు జరిగింది.

నేను డాక్టర్‌ను కాదు, డిటెక్టివ్‌ను అని చెప్పడానికి ఈశ్వర్ చెయ్యెత్తాడు. అలవాటుగా ఎత్తిన ఆ చెయ్యి సగంలో ఆగింది. ఆయన ఒకసారి కిటికీలోంచి మల్లయ్యను చూసి, చెయ్యి మెల్లగా ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఏమైతున్నదమ్మా? చెప్పు” అన్నాడు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. రైలు కదిలింది. కిటికీ కనబడినంతసేపు మల్లయ్య అక్కడే నిలబడి చూశాడు. ఈశ్వర్ వింటూనే ఉన్నాడు.